రేకుల కప్పు క్రింద పిల్లల ప్రశ్న

జహీరాబాదు చుట్టుప్రక్కల ఏ ఊరికి పోయినా రేకుల కప్పులు కనిపిస్తాయి. ఇంటి ముందరి పంచకు, పశువుల కొట్టానికి, ఎరువుల బస్తాలు దాచిన పాకకు, బాటప్రక్క టీ దుకాణానికి, అన్నింటికీ అవే బూడిదరంగు అలల రేకులు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఈదురుగాలి వీచి వడగండ్లు పడిన మరునాడు ఆ రేకులు పగిలి వాకిళ్ళలో పడి ఉంటాయి. పెద్దలకు అది నష్టం. పిల్లలకు అది ఆటవస్తువుల పంట. చేతిలో ఇమిడే ముక్క తొక్కుడుబిళ్ళ ఆటకు బిళ్ళ అవుతుంది. మొనదేలిన ముక్క గోడమీద గీతలు గీయడానికి బలపమవుతుంది. రెండు ముక్కలను రాచి తీసిన పొడి బొమ్మల పెండ్లి విందులో పిండి అవుతుంది. ఆ రేకులో ఆస్‌బెస్టాస్ ఉన్నదని, దాని పొడి మంచిది కాదని ఎరిగిన పెద్దలు కూడా పిల్లలతో ఆ మాట ఎట్లు చెప్పవలెనో తోచక ఊరకుంటారు. లేదా ఒక్క కసురు కసిరి పంపివేస్తారు. కసురు ఆ పూటకే పనిచేస్తుంది.

ఆస్‌బెస్టాస్ అనే పరభాషాపదం పిల్లవానికి ఏమీ చెప్పదు. మన భాషలో దానికి రాతినార అని చక్కని పేరున్నది. అరటినార, జనుపనార పిల్లలు చూచినవే. అడవికి పోయిన రాముడు నారచీరలు కట్టినాడని కథలో విన్నారు. చెట్టునుండి నార వచ్చినట్లే ఒక జాతి రాతినుండి కూడా నార వస్తుందని చెప్పినామంటే సగం పాఠం అయినట్లే. ఇది దూరదేశపు వింత కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు సున్నపురాతి పొరల నడుమ దొరికిన తెల్ల రాతినారకై అక్కడ గనులు త్రవ్వినారు. ఆ నార నిప్పుకు కాలదు, నీటికి కుళ్ళదు, పురుగు ముట్టదు. అందువలన సిమెంటులో కలిపి రేకులు పోయడం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చినది. హైదరాబాదులో ఆస్‌బెస్టాస్ సిమెంటు వస్తువుల సంస్థ 1946లో ఏర్పడి, సనత్‌నగర్ కర్మాగారంలో రేకులు తయారు చేసినది. పూరిగుడిసె అంటుకొంటే నిమిషాలలో బూడిద అయ్యే రోజులలో, కాలని కప్పు పేదవానికి ఒక వరమువలె తోచినదంటే ఆశ్చర్యం లేదు. పిల్లలు "మరి మనమెందుకు వేసినాము?" అని అడిగితే దాచకుండా చెప్పవలసిన సమాధానం ఇదే: చవుక, కాలదు, ఇనుప రేకు కంటె వేడి తక్కువ.

మాటల విషయంలో ఇంకొక చిక్కున్నది. మన వాడుకలో పూవుకూ రేకే, ఇనుముకూ రేకే, సిమెంటుకూ రేకే. "రేకు ముట్టకు" అంటే పిల్లవాడు ఏ రేకని అనుకోవలె? రాతినార గలది సిమెంటు రేకు మాత్రమే. ఇనుప రేకులలోను, నేడు వస్తున్న రంగుల లోహపు రేకులలోను అది లేదు. సిమెంటు రేకులలో రాతినార లేనివి కూడా ఇప్పుడు తయారవుతున్నవి గాని, కంటితో చూచి భేదం తెలుసుకొనడం సాధ్యం కాదు. కనుక పాత బూడిదరంగు అలల రేకు ఏదైనా రాతినార గలదిగానే భావించడం మేలు.

ఇక అపాయం ఎక్కడున్నదో చెప్పవలె. దీనికి మన వంటింటి ఉపమానమే చాలును. ఎండుమిరపకాయలు బుట్టలో ఉన్నంతసేపు ఎవరికీ తుమ్ము రాదు. రోట్లో వేసి దంచినప్పుడే ఇల్లంతా ఘాటు. రేకులో నారపాలు సుమారు పదింట ఒక వంతు. తక్కినది సిమెంటు మొదలైనవి. కప్పుమీద చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నార ఆ సిమెంటులో బంధింపబడి ఉంటుంది. కోసినప్పుడు, తొలిచినప్పుడు, పగులగొట్టినప్పుడు, గీకినప్పుడు, పొడి చేసినప్పుడు అది గాలిలోకి లేస్తుంది. ఏండ్ల తరబడి ఎండకు, వానకు పైపొర అరిగిన రేకునుండి కూడా కొంత రాలుతుంది. అయితే మిరపపొడికీ దీనికీ ఒక పెద్ద భేదమున్నది. పిల్లవానికి ఈ భేదం తప్పక చెప్పవలె. మిరప ఘాటు మనలను వెంటనే హెచ్చరిస్తుంది. రాతినార హెచ్చరించదు. వాసన లేదు, మంట లేదు, దగ్గు రాదు. వెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్నని పోగు గనుక కంటికీ కనబడదు. ఊపిరితో లోపలికి పోయిన మామూలు దుమ్మును శరీరం చాలవరకు బయటికి నెట్టివేస్తుంది. ఈ పోగులలో కొన్నింటిని అది కరిగించలేదు, నెట్టివేయలేదు. అవి లోపల నిలిచిపోయి ఏండ్ల మీద ఊపిరితిత్తులను గట్టిపరచవచ్చును, పుట్టకురుపు కలిగించవచ్చును.

ఏండ్ల మీద అన్నాను. 20 ఏండ్లు, 40 ఏండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి. పిల్లల విషయం ప్రత్యేకంగా పట్టించుకోవలసిన కారణం ఇదే: అరువదవ ఏట పొడి పీల్చినవాని కంటె ఆరవ ఏట పీల్చినవానికి ముందున్న కాలం ఎక్కువ. 1960లో దక్షిణాఫ్రికా వైద్యులు వాగ్నర్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రకటించినారు. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే అరుదైన పుట్టకురుపు సోకిన 33 మంది వృత్తాంతం అందులో ఉన్నది. వారందరూ గనిలో పనిచేసినవారు కారు. నీలి రాతినార గనుల దాపున బాల్యం గడిపి, పెద్దయిన తరువాత వేరే జీవనం సాగించినవారు కూడా వారిలో ఉన్నారు. మన కప్పులలో ఎక్కువగా ఉన్నది నీలి నార కాదు, తెల్ల నార. ఆ వ్యాధి విషయంలో నీలి నారయే ఎక్కువ ప్రమాదకరమని వైద్యుల అభిప్రాయం. ఐనను అన్ని జాతుల రాతినారా పుట్టకురుపు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పుతున్నది. అనేక దేశాలు దీనిని పూర్తిగా నిషేధించినవి. మన దేశంలో క్రొత్త గనుల కౌళ్ళు ఇవ్వడం 1986లో, పాత కౌళ్ళను పొడిగించడం 1993లో ప్రభుత్వం ఆపినది. కాని విదేశాలనుండి తెచ్చిన తెల్ల నారతో రేకులు చేయడం, వాడడం నేటికీ నిషిద్ధం కాదు. ఒకే వస్తువును గనిలో వద్దని కర్మాగారంలో సరేననడం నాకు సమంజసంగా తోచదు.

ఈ సంగతులన్నీ పిల్లలకు ఒక్కసారి కుమ్మరించవలసిన పని లేదు. అయిదేండ్ల బిడ్డకు రెండు మాటలు చాలును. "ఈ బూడిదరంగు ముక్క ఆటకు కాదు, బిడ్డా. ఎక్కడ కనిపించినా ముట్టకుండ వచ్చి నాకు చెప్పు." అంతే. వచ్చి చెప్పిన బిడ్డను మెచ్చుకొనవలె. ముక్క చేతపట్టుకొని వచ్చినా కొట్టకూడదు, తిట్టకూడదు. తిట్టు తిన్న బిడ్డ మరొకసారి చెప్పడు, ముక్కను జేబులో దాచుకుంటాడు. పదేండ్ల పిల్లవానికి మిరపకాయల ఉపమానం, రాతినార పేరు, అది కంటికి కనబడదనే సంగతి చెప్పవచ్చును. పదునాలుగేండ్లవానికి కాలపు లెక్క కూడా చెప్పవలె. దానితోపాటు మరొక సంగతి: రాతినార పీల్చినవాడు బీడీ, సిగరెట్టు కూడా త్రాగితే ఊపిరితిత్తుల పుట్టకురుపు వచ్చే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ వయస్సువానికి ఈ మాట చెప్పే తండ్రి నోట బీడీ ఉండకపోతే మంచిది.

ఏ మాటలతో చెప్పవలె అంటే, ఇంటి మాటలతోనే. జహీరాబాదు సీమలో ఒక ఇంట తెలుగు, ప్రక్క ఇంట ఉర్దూ, ఆపైన కన్నడం వినిపిస్తాయి. ఈ సీమలోనే మాచునూరులో 2008లో వెలసిన సంఘం రేడియోలో పల్లె స్త్రీలు తమ ఇంటిలో మాట్లాడుకునే యాసలోనే శ్రోతలతో మాట్లాడినారు. పిల్లలకు ఆరోగ్యం బోధించేటప్పుడు మాత్రం మనం ఎందుకో పాఠ్యపుస్తకపు గొంతు తెచ్చుకుంటాము.

ఇన్ని చెప్పిన తరువాత బిడ్డ అడగబోయే ప్రశ్న ఒకటున్నది. రాత్రి పడుకొని కప్పు వైపు చూచి అడుగుతాడు: "అమ్మా, అయితే మనమందరం చచ్చిపోతామా?" ఈ ప్రశ్నకు సిద్ధపడకుండా పాఠం మొదలుపెట్టకూడదు. "ఏమీ కాదు, పడుకో" అనడం అబద్ధం కాకపోయినా సమాధానం కాదు. నిజమైన సమాధానం ఇట్లుంటుంది: "లేదు బిడ్డా. కప్పు క్రింద పడుకున్నందుకే రోగం రాదు. ఎక్కువ పొడి, ఎక్కువ కాలం పీల్చినవారికే ఎక్కువ భయం. దాన్ని పగులగొట్టి పొడి చేసే పని మనింట్ల ఎవరం చెయ్యం. నాయిన, నేను చూసుకుంటం." నిన్నటివరకు ఆ ముక్కలతో ఆడిన పిల్లవానికి కూడా ఇదే ధైర్యం చెప్పవలె. కొన్నిసార్లు ముట్టినంత మాత్రాన వ్యాధి వచ్చి తీరుతుందని లేదు. నేటినుండి ఆపడమే చేయదగిన పని. భయపడిన పిల్లవాడు నిద్రపోడు, తెలిసిన పిల్లవాడు తోటివారికి కూడా చెబుతాడు.

"మేము చూసుకుంటాము" అన్న తరువాత పెద్దలు నిజంగా చూచుకొనవలె. గాలివాన మరునాడు మన ఇండ్లలో వాకిలి ఊడ్చిన తరువాత నీళ్ళు చల్లుతారు. రేకు పగిలిన నాడు ఈ వరుస తలక్రిందులు కావలె: ముందు నీళ్ళు, పొడి చీపురు అసలే వద్దు. పిల్లలను దూరంగా పంపి, ముక్కలను బాగా తడిపి, విరవకుండా ఏరి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, దానిని ఇంకొక సంచిలో ఉంచవలె. మిగిలిన పొడిని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడా సంచిలోనే వేయవలె. పురపాలక సంఘం వారినో పంచాయతీ వారినో అడిగి అప్పగించేవరకు సంచి పిల్లలకు, పశువులకు అందని చోట ఉండవలె. పగిలిన రేకును నలుగగొట్టి గుంతలు పూడ్చడం, కోళ్ళగూటికి కప్పడం, పొయ్యికి గాలి అడ్డుగా పెట్టడం మన పొదుపు గుణానికి సహజమే గాని, ఈ వస్తువు దగ్గర ఆ పొదుపు పనికిరాదు. వానకాలానికి ముందు కప్పుమీది నాచును గీకడం, ఫ్యాను కొక్కెం కొరకు రేకును తొలచడం కూడా అట్టివే. ముక్కుకు కట్టిన తువ్వాలు ఈ పోగులను ఆపదు.

రేకులు కోసి బిగించే పనివారి ఇండ్లకు మరొక మాట. తండ్రి పనినుండి రాగానే బిడ్డ పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంటుంది. ఆ చొక్కామీద పొడి ఉంటుంది. రాతినార కార్మికుల బట్టలు ఉతికిన ఇల్లాండ్రకు కూడా వ్యాధి సోకినట్లు 1965లో లండనులో ప్రకటించిన పరిశోధన చూపినది. "ఆగు తల్లీ, స్నానం చేసి వచ్చి ఎత్తుకుంటాను" అని తండ్రి ప్రతిదినం చెప్పవలె, ఎందుకో కూడా చెప్పవలె. పనిబట్టలను దులపకుండా నీటిలో ముంచి వేరుగా ఉతకవలె.

పాత కప్పు దించి క్రొత్తది వేసుకునే స్తోమత కలిగిననాడు రాతినార లేని వస్తువును కోరి అడిగి తెచ్చుకొనవలె. దించే పనివారు రేకులను తడిపి, మరలు విప్పి, ఒక్కొక్కటిగా క్రిందికి అందించవలె గాని పైనుండి విసరకూడదు. ఆ రెండు దినాలు పిల్లలను అమ్మమ్మగారి ఊరికి పంపవచ్చును. ఇంటికి పిలిపించుకునే ముందు నేలను, అటకను, మంచపుకోళ్ళను తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, పెరటిలో చిన్న ముక్క కూడా మిగలలేదని నడిచి చూడవలె.