నీరుల్లియు ఇన్‌ఫ్లుయెంజా జ్వరమును

“ఉల్లి చేసిన మేలు తల్లియైనను చేయదు” అను సామెత నెరుగని తెలుగువారు అరుదు. ఆ మేలు జ్వరముల విషయమున ఎంతవరకు నిజమో విచారించుటకు, నీరుల్లిలోని క్వెర్సెటిన్ అను పదార్థమును గూర్చి తెలిసికొనవలయును. ఇది పసుపువన్నె కలది. గడ్డ లోపలికంటె వెలిపొరలయందు హెచ్చుగా నుండును. ఆపిలుపండ్లయందును, తేయాకునందును కలదు. ఇట్టి పదార్థములు మొక్కలలో వేలకొలదిగా నున్నవి. వీనిని ఫ్లేవనాయిడులందురు. 1936లో హంగేరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్ జ్యార్జి వీనిని ‘విటమిన్ పి’ అని వ్యవహరించెను. కాని ఇవి కొరవడుటచే ఒక ప్రత్యేకవ్యాధి కలుగునని రుజువు కాలేదు. 1950లో ఆ పేరును విడిచిపెట్టిరి.

ఇన్‌ఫ్లుయెంజా వైరసు ఊపిరితిత్తులకు రెండువిధముల హాని కలిగించును. కణములలో జొచ్చి వానిని నశింపజేయుట మొదటిది. రెండవది విచిత్రమైనది. వైరసు నెదిరింపవచ్చిన తెల్లరక్తకణములు సూపరాక్సైడు అను తీక్ష్ణమైన ఆమ్లజని రూపమును వెలువరించును. ఇది కొంతమేరకు శరీరరక్షణకు అవసరమే. మితిమీరినచో, దొంగను తరుముటకు పట్టిన కాగడా ఇంటిచూరునకే అంటుకొన్నట్లగును. కణముల పైపొరలోని క్రొవ్వు చెడును. ఊపిరితిత్తులు వాచి, శ్వాస కష్టమగును. 1989లో జపాను పరిశోధకులు చుంచెలుకలపై దీనిని చూపిరి. సూపరాక్సైడును విరుచు ఒక ఎన్‌జైమును శరీరములో ఎక్కువసేపు నిలుచునట్లు మార్చి, వైరసు సోకిన 5 మొదలు 8 దినములలో ఎక్కించగా, అది ఎలుకలను మృత్యువునుండి కాపాడెను. ఆ ఎన్‌జైము వైరసును చంపునది కాదన్న సంగతి గమనింపదగినది.

క్వెర్సెటిన్ సైతము తన అణువులోని ఉదజని నొసగి ఇట్టి ఆమ్లజనిని శాంతింపజేయగలదు. ఢిల్లీలోని వల్లభభాయి పటేలు ఛాతీవ్యాధుల సంస్థ పరిశోధకులు వైరసు సోకించిన చుంచెలుకలకు దానిని తినిపించి, 2003లో ఫలితములు ప్రకటించిరి. ఊపిరితిత్తులలో సూపరాక్సైడును, చెడిన క్రొవ్వును తగ్గినవి. ఊపిరితిత్తుల నిర్మాణమునకు స్వల్పముగనో, ఒక మోస్తరుగనో రక్షణ కలిగినది.

ఇంతమాత్రమున నీరుల్లి ఇన్‌ఫ్లుయెంజాకు మందని తలపరాదు. ఆ ఎలుకలకు వైరసుతోపాటే క్వెర్సెటిన్ ఈయబడినది. మనుష్యునకు జ్వరము పొడసూపునప్పటికే వైరసు ప్రవేశించి ఒకటి మొదలు నాలుగు దినములు గడచియుండును. అదిగాక, తిన్న క్వెర్సెటిన్‌లో అధికభాగమును ప్రేగులును కాలేయమును మార్చివైచును; రక్తమున చేరునది పరీక్షనాళికలోని పదార్థము వంటిది కాదు. మనుష్యులలో ఇది ఇన్‌ఫ్లుయెంజాను కుదుర్చునని నిరూపణ కాలేదు. నీరుల్లిని కూరలో నిత్యము తినవచ్చును. దాని మాత్రలను, కషాయములను నమ్మి వైద్యమును జాగుచేయుటయే అపాయకరము.

జ్వరముతో ఆయాసము, ఛాతీనొప్పి, పెదవులు నీలమగుట, తెలివి తప్పుట కనబడిన రోగిని వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. వైరసు నణచు మందులు జ్వరము మొదలైన 48 గంటలలోపల ఇచ్చినచో ఎక్కువ గుణమిచ్చును. వృద్ధులు, గర్భిణులు, ఉబ్బసము కలవారు ఏటేట టీకా వేయించుకొనవలెను. వైరసు రూపము మారుచుండుటచే నిరుటి టీకా ఈ యేటికి చాలదు.