పద్యనాటకాలు - సినిమా రూపాలు

పద్యనాటకంలో నటుడే గాయకుడు. అందుచేత మంగళగిరి, తెనాలి, విజయవాడ తదితర కృష్ణా డెల్టా ప్రాంతాలలో ప్రేక్షకులు తెలిసిన కథ కొరకు కాక, తాము మెచ్చిన నటుని పద్యం కొరకు నాటకానికి వెళ్ళేవారు. నచ్చిన పద్యాన్ని "వన్స్ మోర్" అని మళ్ళీ పాడించుకొనేవారు.

నటుని గైర్హాజరు

కాంట్రాక్టు నాటకాలకు వేర్వేరు ఊర్ల నుండి పేరున్న నటులను పిలిపించి, వారి పేర్లను కరపత్రాలలో ప్రకటించేవారు. ఆ నటుడు రాకపోతే ప్రేక్షకులకు అది మాట తప్పడమే. ఒకే రాత్రి శ్రీకృష్ణ పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు అంకాలవారీగా ధరించడం మాత్రం వారికి సమ్మతమే, ఎందుకనగా అది ముందుగా ప్రకటించినదే.

సినిమాలో

ముత్తరాజు సుబ్బారావు రచించిన "శ్రీకృష్ణ తులాభారం" నాటకంలో సత్యభామగా తెనాలి రామవిలాస సభకు చెందిన స్థానం నరసింహారావు (1902-1971) ప్రఖ్యాతి గాంచాడు. ఇదే పేరుతో 1966లో వచ్చిన చిత్రంలో ఎన్.టి.రామారావు కృష్ణునిగా, జమున సత్యభామగా నటించారు. స్థానం రచించి వేదికపై పాడిన పాటను ఇందులో పి.సుశీల పాడింది. ఆ విధంగా పాట తరువాతి తరాలకు అందింది. నాటకాభిమానులు ఎరిగిన సత్యభామ మాత్రం తెరపై లేదు. కథను, పాటను సినిమా నిలుపగలదు. నటుని అభినయం నిలవాలంటే, అతడు వేదికపై ఉన్న కాలంలోనే ఆ ప్రదర్శనను చిత్రీకరించాలి.