చర్చి పక్కన పెట్రోల్ బంక్ వస్తోందంటే...

ఖాళీ స్థలంలో పెట్రోల్ బంకు, దానితో పాటు అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే దుకాణం వస్తాయని తెలియగానే చుట్టుపక్కల వారిలో ఆందోళన మొదలవుతుంది. పక్కనే బడి, ఇళ్లు, కొన్నిచోట్ల చర్చి కూడా ఉంటాయి. "సంఘంగా మనం అభ్యంతరం చెప్పవచ్చా?" అని పెద్దలు అడుగుతుంటారు. చెప్పవచ్చు. అయితే నిబంధనలు తెలుసుకుని చెప్పాలి.

భయం ఉత్తదేమీ కాదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది. నేల మీదుగా పాకి పల్లంలో నిలుస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందులోని బెంజీన్ కేన్సర్ కారకం. భూమిలోని ట్యాంకు కారితే దగ్గరి బోర్ల నీరు పాడవుతుంది. దుకాణంలో మద్యం కూడా అమ్ముతారేమోనని కొందరి అనుమానం. మద్యానికి ఎక్సైజ్ శాఖ లైసెన్సు వేరుగా కావాలి; బంకు అనుమతితో అది రాదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకు బడులకు, పది పడకలు, ఆపైన ఉన్న ఆసుపత్రులకు, స్థానిక చట్టాల ప్రకారం గుర్తించిన నివాస ప్రాంతాలకు 50 మీటర్ల లోపు ఉండకూడదు. అంత దూరం కుదరకపోతే అదనపు భద్రతా ఏర్పాట్లు చేయాలి. అప్పుడైనా 30 మీటర్ల కంటే తగ్గకూడదు. ఈ దూరాన్ని ప్రహరీ గోడ నుంచి కొలవరు. ట్యాంకులోకి ఇంధనం నింపే చోటు, పంపు, ఆవిరి గొట్టం, వీటిలో ఏది దగ్గరైతే దాని నుంచి కొలుస్తారు. బంకు మీదుగా హైటెన్షన్ తీగలు పోకూడదు.

ఈ జాబితాలో ప్రార్థనా మందిరాల పేరు లేదని గమనించండి. "మా చర్చి పక్కన వద్దు" అన్న ఒక్క మాటతో అర్జీ నిలవకపోవచ్చు. ఆవరణలో బడి నడుస్తుంటే, చుట్టూ ఇళ్లుంటే ఆ దూరాలు కొలిచి రాయాలి.

ఎప్పుడు రాయాలన్నది మరీ ముఖ్యం. 2002 పెట్రోలియం నిబంధనల ప్రకారం బంకుకు ముందుగా జిల్లా అధికారి నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. దరఖాస్తు అందిన మూడు నెలల్లోగా విచారణ ముగించి ఇవ్వడమో, నిరాకరించడమో చేయాలి. మన మాట చేరవలసింది ఆ సమయంలోనే. కట్టడం లేచాక వెళితే కష్టం. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలో ఇచ్చి రసీదు తీసుకోండి. స్థలం పటం కోసం సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

దూరం సరిపోయిందని తేలితే అంతటితో ఊరుకోనక్కర లేదు. బడి గేటు వైపు దారి పెట్టవద్దని, ఆవిరిని తిరిగి పట్టే పరికరం అమర్చమని, దుకాణం వేళలు తగ్గించమని కోరవచ్చు. బంకు పెట్టేవాడూ మన పొరుగువాడే. అతని మీద కక్షతోనో, పోటీ వ్యాపారి ప్రోద్బలంతోనో సంఘం పేరున సంతకాలు పెట్టకూడదు.

కొత్త ఇల్లు కట్టినవాడు ఎవరూ పడిపోకుండా మిద్దెకు పిట్టగోడ కట్టాలన్నది ద్వితీయోపదేశకాండము 22:8లోని ఆజ్ఞ. కట్టేవాడి హక్కును అది కాదనలేదు. పొరుగువాడి ప్రాణాన్నీ మరువలేదు. మనం అడిగేదీ అదే. అడిగే ముందు, ఆదివారం మన చర్చి ఎదుట రోడ్డుకు అడ్డంగా నిలిపే బండ్లను కూడా ఒకసారి చూసుకుందాం.