అడవి బంగ్లా తలుపు తెరవాలి
హుజూరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా గోదావరి దాటి జన్నారం చేరితే కవ్వాల్ అడవి. 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల అభయారణ్యంగా మారింది. అధికారులు గుర్రాల మీద, ఎడ్లబండ్ల మీద క్యాంపులు తిరిగిన రోజుల్లో మన అడవుల్లో విశ్రాంతి బంగ్లాలు వెలిశాయి. మందపు గోడలు, ఎత్తైన కప్పు, ముందు వరండా ఉన్న అలాంటి పాత కట్టడాలను కూల్చి రిసార్టులు లేపే బదులు, బాగుచేసి సామాన్యులకు బసగా ఇవ్వడమే మేలు. అమెరికా అటవీశాఖ తన పాత రేంజర్ల క్యాబిన్లను ఇలాగే అద్దెకిస్తోంది.

రాత్రిపూట మనుషులుంటే జంతువులు బెదరవా? బెదురుతాయి. అందుకే పులి తిరిగే కోర్ ప్రాంతంలో బస వద్దు. అంచున ఉన్న బంగ్లాలు చాలు, అదీ పాటలు, ఫ్లడ్‌లైట్లు లేకుండా. ఇంతకంటే బరువైన అభ్యంతరం చరిత్రది. ఆ బంగ్లాలు గోండుల పోడుకూ పశువుల మేతకూ అడ్డుపడిన అధికారానికి గుర్తులు. దాన్ని ఎదిరించే 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పంపిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండుల మధ్యే నివసించి వారి కష్టం తెలుసుకున్నాడు. కాబట్టి బస నిర్వహణా, దాని ఆదాయమూ పక్క గూడేనికే దక్కాలి. వంట వారిది, దారి చూపేదీ వారే, భీం పోరాటం అతిథికి చెప్పేదీ వారే కావాలి.