పసిమనసుకు పరుల బాధ తెలిపే బొమ్మల పుస్తకాలు

బడిలో కాలు ఈడ్చి నడిచే పిల్లవాడికి తోటివారు 'కుంటోడు' అని పేరు పెడతారు. పెట్టినవారు దుర్మార్గులేమీ కారు. ఇంట్లో, వీధిలో విన్న మాటనే అంటున్నారు. కాని ఆ పేరు పడ్డవాడు దానిని ఏళ్ల తరబడి మోయవలసి వస్తుంది. పంతులుగారు గద్దిస్తే ఆ మాట తరగతి గదిలో ఆగి, ఆటస్థలంలో మళ్లీ మొదలవుతుంది. ఇటువంటి చోట బెత్తం చేయలేని పనిని బొమ్మల పుస్తకం చేయగలదు.

అక్షరం రాని పసివారు సైతం బొమ్మను చదవగలరు. బొమ్మలోని పాప అలిగిందో, భయపడిందో ముఖం చూసి చెప్పేస్తారు. ఎదుటివారి బాధ తెలుసుకోవడానికి తొలిమెట్టు ఇదే.

చదివే తీరు

ముందు బొమ్మ చూపాలి, తర్వాతే కథ చదవాలి. 'ఈ పాప ఒక్కతే ఎందుకు మూల నిలబడింది? నువ్వుంటే ఏం చేసేవాడివి?' అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టాలి. చివర నీతి చెప్పనక్కరలేదు. చెబితే పిల్లలు దానిని అప్పజెప్పి మరచిపోతారు. తరగతిలో అటువంటి బిడ్డ ఉంటే మాత్రం 'వీడిలాగే' అని వేలు చూపరాదు. అలా చూపితే మేలుకు బదులు కీడే జరుగుతుంది.

కాస్త పెద్ద పిల్లలకు 'రైలుబడి' చదివి వినిపించవచ్చు. తెత్సుకో కురొయనాగి 1981లో జపానులో ప్రచురించిన 'తొత్తోచాన్'కు ఇది తెలుగు. పోలియో సోకిన స్నేహితుణ్ణి ఒక చిన్నపిల్ల నిచ్చెన వేసి, నానా తంటాలు పడి చెట్టెక్కిస్తుంది. జాలి వేరు, స్నేహం వేరు అని ఈ ఒక్క ఘట్టం చాటుతుంది.

అద్దం, కిటికీ

అమెరికా ఆచార్యురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో పుస్తకాలను అద్దాలతోను, కిటికీలతోను పోల్చారు. అద్దంలో పిల్లలు తమను చూసుకుంటారు, కిటికీలో ఇతరులను చూస్తారు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా తన వాడ, తన ఇంటి వంట కనిపించని బిడ్డ, బడి తనది కాదనుకుంటుంది.

ఈ లోటు తీర్చడానికే హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరిట తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషలలో బొమ్మల కథలు తెచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి తెలుగు రచయితల కథలు అందులో చోటు చేసుకున్నాయి. ముస్లిం ఇంట తలకాయ కూర వండుకునే ముచ్చట వాటిలో ఒకటి. ఆ కథ విన్న తరగతిలో ఒకరి అన్నం గిన్నె చూసి మరొకరు ముక్కు మూసుకోవడం అంత తేలిక కాదు.

కొనే స్తోమత లేని బడులకూ దారి ఉన్నది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. అయితే పుస్తకం బీరువాలో ఉంటే ఫలం లేదు. చిరిగినా సరే, అది పిల్లల చేతిలో ఉండాలి.