వాహన మరమ్మతు – చేతికి తగిన తొడుగు



అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీవిజయపురం. 2024 వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్. ఇక్కడి నుంచి డిగ్లీపూర్ దాకా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు పొడవు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ఈ దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. చుట్టూ సముద్రం. ఉప్పుగాలీ తేమా కలిసి బండ్ల నట్లను, బోల్టులను త్వరగా తుప్పు పట్టిస్తాయి. బిగుసుకుపోయిన నట్టును బలంగా తిప్పేటప్పుడు పానా జారితే, వేళ్ల కణుపులు ఇనుప అంచుకు కొట్టుకుంటాయి. బెంగాలీలు, తమిళులతో పాటు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువారు కూడా ఇక్కడ ఎందరో ఉన్నారు. వారి పిల్లల్లో మోటారు మెకానిక్ పని నేర్చుకునేవారికి ఈ పాఠం ఎంతో అవసరం.

చేతి తొడుగులు, అంటే గ్లౌజులు కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పనిలో నా చేతికి తగిలేది ఏమిటి? దాని జవాబును బట్టే తొడుగు మారుతుంది.

మొదట నూనెల సంగతి చూద్దాం. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు చేరి ఉంటాయి. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. ఇవి ఏళ్ల తరబడి చర్మానికి తగులుతూ ఉంటే చర్మవ్యాధులు వస్తాయి, క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. మరి రబ్బరు తొడుగు చాలదా? నికోబార్ దీవుల్లోని కచ్చాల్‌లో రబ్బరు తోటలు పెంచారు. అలాంటి చెట్ల పాల నుంచి తయారయ్యే సహజ రబ్బరు నీటిని ఆపుతుంది కానీ పెట్రోలును, ఖనిజ నూనెను ఆపలేదు. రబ్బరు అణువులు, నూనె అణువులు రెండూ అధ్రువ స్వభావం గలవి. అందువల్ల నూనె రబ్బరులోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరులో ధ్రువ స్వభావం గల సమూహాలు ఉంటాయి కాబట్టి అది నూనెలను బాగా తట్టుకుంటుంది. అయితే పెయింటు థిన్నర్లలో ఉండే అసిటోన్ వంటి ద్రావణులకు నైట్రైల్ కూడా లొంగిపోతుంది.

ఈ విషయాన్ని మీరే పరీక్షించవచ్చు. ఒక బెలూను ముక్కను నీటిలోనూ, మరొక ముక్కను కిరోసిన్‌లోనూ వేయండి. ఉపాధ్యాయుని సమక్షంలో, మంటకు దూరంగా చేయండి. మరునాడు రెండింటినీ పోల్చి చూడండి.

ఇక గాయాల సంగతి. పలుచని నైట్రైల్ తొడుగు నూనెను ఆపుతుంది కానీ కోతను ఆపలేదు. రేకు అంచులు, తుప్పు నట్లతో పని ఉన్నప్పుడు అరచేతివైపు నైట్రైల్ పూత ఉన్న మందపాటి అల్లిక తొడుగు కావాలి. కొన్ని తొడుగులపై ఇఎన్ 388 అనే యూరోపియన్ ప్రమాణం గుర్తు ఉంటుంది. దాని కింది మొదటి నాలుగు అంకెలు వరుసగా ఒరిపిడి, కోత, చిరుగు, గుచ్చుకోవడం అనే పరీక్షల ఫలితాలు. అంకె పెరిగితే రక్షణ పెరిగినట్లు. ఉత్త నూలు తొడుగు నూనెను పీల్చుకుని చర్మానికే అంటిపెట్టి ఉంచుతుంది. కాబట్టి నూనె పనికి అది వద్దు.

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. దానికి మణికట్టు దాటి వచ్చే మందపాటి నియోప్రిన్ లేదా నైట్రైల్ తొడుగుతో పాటు కళ్లద్దాలు కూడా ధరించాలి. వెల్డింగుకు తోలు తొడుగు వాడాలి. విద్యుత్ కార్ల బ్యాటరీల్లో వందల వోల్టులు ఉంటాయి. అక్కడ సాధారణ రబ్బరు తొడుగును నమ్మకూడదు. ఐఎస్ 4770 ప్రమాణం ప్రకారం పరీక్షించిన విద్యుత్ నిరోధక తొడుగు, తగిన శిక్షణ రెండూ ఉంటేనే ఆ పనికి దిగాలి.

అసలు తొడుగే వేసుకోకూడని పని కూడా ఉంది! తిరుగుతున్న ఫ్యాన్ బెల్టు, డ్రిల్లు, గ్రైండింగ్ చక్రం దగ్గర తొడుగు అంచు చిక్కుకుంటే వేలితో సహా లాక్కుపోతుంది. ఇంజిన్ ఆపి, చక్రాలు పూర్తిగా నిలిచిన తరువాతే చేయి పెట్టాలి.

దీవుల వాతావరణంలో తొడుగు లోపల చెమట పడుతుంది. నానిన చర్మం త్వరగా దెబ్బతింటుంది. అందుచేత మధ్యమధ్య తొడుగు తీసి చేతులు ఆరబెట్టుకోవాలి. సరుకు ఓడలో వచ్చి, దుకాణంలో చాలాకాలం నిలవ ఉండవచ్చు. కాబట్టి కొనేముందు తొడుగును సాగదీసి చూడాలి. పగుళ్లు, జిగట కనిపిస్తే కొనవద్దు. తీసేటప్పుడు లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పి తీయాలి. తరువాత చేతులను సబ్బుతో కడగాలి, పెట్రోలుతో కాదు.

పానా కొలత నట్టుకు సరిపోకపోతే మీరు వాడరు కదా! తొడుగు విషయంలోనూ అదే పద్ధతి. పనికి సరిపడనిది వేసుకుంటే రక్షణ ఉందన్న భ్రమే మిగులుతుంది. పని మారినప్పుడల్లా తొడుగు మార్చండి.