28.2 సెకన్లు, ఐదు పాయింట్ల ఆధిక్యం

2013 జూన్ 18 రాత్రి మయామీలో జరిగిన ఆట గురించి ఎవరిని అడిగినా మయామీ హీట్ ఆటగాడు రే అలెన్ షాట్ గురించే చెబుతారు. కార్నర్‌లోకి వెనక్కి నడిచి, గాల్లోకి లేచి, 5.2 సెకన్లు మిగిలుండగా కొట్టిన ఆ త్రీ పాయింటర్ ఎన్‌బీఏ చరిత్రలోనే పేరు మోసినది. శాన్ ఆంటోనియో స్పర్స్ అభిమానిగా నాకు మాత్రం ఆ ఓటమి అలెన్ చేతుల్లో మొదలైనట్టు అనిపించదు. దానికి ముందే రెండు ఫ్రీ త్రోలు, రెండు రీబౌండ్లు చేజారాయి. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి మనవైపు తిరిగినా అలెన్ షాట్ స్కోరును సమం చేసి ఉండేది కాదు.

అది హీట్‌తో ఫైనల్స్‌లో ఆరో మ్యాచ్. సిరీస్‌లో స్పర్స్ 3-2 ఆధిక్యంలో ఉన్నారు, అంటే ఇంకొక్కటి గెలిస్తే ఛాంపియన్లు. 1999, 2003, 2005, 2007లలో ఫైనల్స్‌కు వెళ్లిన నాలుగుసార్లూ కప్పుతోనే తిరిగొచ్చిన జట్టు అది. మనకు బుధవారం ఉదయం ఆరున్నరకు మొదలైంది ఆట. ఆఫీసుకు వెళ్లేలోపు సంబరం అయిపోతుందని ఇక్కడి స్పర్స్ అభిమానులం గట్టిగా నమ్మాం.

మొదటి సగం చూసినవాళ్లెవరైనా నమ్మేవారే. 37 ఏళ్ల టిమ్ డంకన్ ఆ సగంలోనే 25 పాయింట్లు కొట్టాడు. అప్పటికి స్కోరు 50-44. అంటే జట్టు చేసిన దాంట్లో సరిగ్గా సగం ఆయనదే. మూడో క్వార్టర్ ముగిసేసరికి 75-65. అయితే డంకన్ మొత్తం 30 దగ్గర ఆగిపోయాడు. నాలుగో క్వార్టర్‌లోనూ ఓవర్‌టైమ్‌లోనూ ఆయన ఖాతాలో సున్నా. అటు లెబ్రాన్ జేమ్స్ ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే 16 కొట్టాడు. ఆ 12 నిమిషాల్లో మయామీ హీట్ 30 పాయింట్లు చేస్తే స్పర్స్ చేసినవి 20. పది పాయింట్ల ఆధిక్యం లెక్కకు లెక్క అక్కడే కరిగిపోయింది.

అయినా నిర్ణీత సమయం చివర్లో మళ్లీ ఆట మన చేతికే వచ్చింది. టోనీ పార్కర్ లెబ్రాన్ మీదుగా త్రీ కొట్టి 89-89 చేశాడు. వెంటనే బంతి లాక్కుని ఇంకో బాస్కెట్ వేశాడు. ఆ తర్వాత ఇంకో రెండు పాయింట్లు చేరి 93-89 అయింది. 28.2 సెకన్లు మిగిలుండగా మాను జినోబిలి ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడి రెండింటిలో ఒకటి వేశాడు. 94-89. ఇక అయిపోయిందనుకుని సిబ్బంది ట్రోఫీ కార్యక్రమం కోసం పసుపు తాళ్లు పట్టుకుని కోర్టు అంచులకు వచ్చేశారు. టీవీలో ఆ తాళ్లు కనబడ్డాయి కూడా.

తర్వాత జరిగింది ఇదీ. లెబ్రాన్ త్రీ తప్పింది. రీబౌండ్ మళ్లీ హీట్‌కే దొరికింది. లెబ్రాన్ ఇంకో త్రీ వేశాడు, పడింది. 94-92, మిగిలింది 20.1 సెకన్లు. ఇటు కవాయ్ లెనర్డ్‌ను ఫౌల్ చేశారు. అతనూ రెండింటిలో ఒకటే వేశాడు. 95-92. లెబ్రాన్ మళ్లీ త్రీ వేశాడు, తప్పింది. రీబౌండ్ క్రిస్ బాష్ పట్టుకుని కార్నర్‌లోకి వెళ్తున్న అలెన్‌కు అందించాడు. 95-95.

ఈ వరుసకు ఓ మోటు లెక్క వేద్దాం. జినోబిలి, లెనర్డ్ ఇద్దరూ ఆ సీజన్‌లో నూటికి దాదాపు 80 ఫ్రీ త్రోలు వేసేవాళ్లు. అలాంటివాడు రెండింటిలో సరిగ్గా ఒకటి తప్పే అవకాశం 32 శాతం. ఇద్దరికీ అలాగే జరగాలంటే పది శాతం. తప్పిన షాట్‌ను దాడి చేసే జట్టే తిరిగి పట్టుకోవడం అప్పటి లీగ్‌లో నూటికి 26, 27 సార్లు. అది వరుసగా రెండుసార్లు జరగాలంటే ఏడు శాతం. త్రీ పాయింటర్ పడేది నూటికి 36. రెండు పడాలంటే 13 శాతం. మూడూ గుణిస్తే వెయ్యికి ఒకటి దగ్గర తేలుతుంది. హీట్ స్కోరు సమం చేయడానికి వేరే దారులూ ఉన్నాయి కాబట్టి వాళ్ల మొత్తం అవకాశం ఇంత తక్కువని కాదు. ఈ ఒక్క దారి ఎంత ఇరుకైనదో చెప్పడానికే ఈ లెక్క. అందులో సగం ఇరుకు స్పర్స్ చేతిలో ఉన్నదే.

ఇక్కడే అభిమానులందరి కోపం అప్పటి కోచ్ గ్రెగ్ పొపోవిచ్ మీదకు మళ్లుతుంది. చేజారిన ఆ రెండు రీబౌండ్ల వేళా డంకన్ బెంచి మీదే ఉన్నాడు. ఆ రాత్రి 17 రీబౌండ్లు పట్టినవాణ్ని, రీబౌండ్ తప్ప ఇంకేమీ అక్కర్లేని క్షణంలో ఎందుకు కూర్చోబెట్టారన్నది ప్రశ్న. పొపోవిచ్ లెక్క వేరు. అవతలివాళ్లకు కావలసింది త్రీ. ఐదుగురూ లైన్ దగ్గరే పరిగెడుతూ, ఒకరి మనిషిని ఒకరు మార్చుకుంటూ షూటర్లకు ఊపిరి ఆడనివ్వకూడదు. ఆ పని డంకన్ కంటే బోరిస్ డియావ్ బాగా చేస్తాడు. ఆలోచనగా తప్పేమీ లేదు, ఫలితం కూడా సగం దక్కింది. లెబ్రాన్ వేసిన మూడు త్రీలలో రెండు తప్పాయి. కానీ తప్పిన బంతి ఎక్కడో ఓచోట పడాలి కదా. ఆరడుగుల పదకొండంగుళాల బాష్ అవతల కోర్టులోనే ఉన్నాడు. హీట్ తమ పొడగరిని ఉంచుకున్నప్పుడు మనం మన పొడగరిని తీసేయడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మొదటిసారి రీబౌండ్ చేజారినప్పుడే ఆ సంగతి తెలిసొచ్చింది. రెండోసారీ అదే ఎత్తు వేయాల్సింది కాదు.

ఆధిక్యం మూడున్నప్పుడు కావాలనే ఫౌల్ చేసి రెండు ఫ్రీ త్రోలతో సరిపెట్టొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఇందులో నేను పొపోవిచ్ పక్షమే. లెనర్డ్ ఫ్రీ త్రో వేసేటప్పటికి 19.4 సెకన్లున్నాయి. అంత ముందుగా ఫౌల్ చేస్తే హీట్ రెండూ వేసి మళ్లీ మనల్ని లైన్ దగ్గరకు పంపేవాళ్లు. అప్పటికే మనం అక్కడ రెండు పోగొట్టుకుని ఉన్నాం.

అలెన్ షాట్‌ను మాత్రం తక్కువ చేయలేను. కోర్టు పై భాగంలో త్రీ లైన్ బాస్కెట్‌కు 23 అడుగుల 9 అంగుళాల దూరం, కార్నర్‌లో 22 అడుగులే. అందుకే అక్కడి నుంచి కాస్త సులువు. కానీ ఆ కార్నర్‌లో త్రీ లైన్‌కూ పక్క గీతకూ మధ్య ఉండే చోటు మూడే అడుగులు. కాలు కాస్త ముందుకు పడితే రెండు పాయింట్లే వస్తాయి, వెనక్కి పడితే బంతి అవతలివాళ్లది. అలెన్ కింద చూడకుండా, వెనక్కి అడుగులేస్తూ, రెండు పాదాలూ ఆ మూడడుగుల్లో పెట్టి లేచాడు. పార్కర్ చెయ్యి ముఖం మీదకు వస్తూనే ఉంది. అప్పటికి లీగ్ చరిత్రలోనే అత్యధిక త్రీలు కొట్టినవాడు అతను. ఎన్నో ఏళ్లు ఇదే కదలికను సాధన చేసినవాడు. లెనర్డ్ ఫ్రీ త్రోలు రెండూ పడి ఉంటే ఇదే షాట్ తర్వాత స్కోరు 96-95 అయ్యేది. ఆధిక్యమూ బంతీ రెండూ మన దగ్గరే ఉండేవి.

ఓవర్‌టైమ్ ఐదు నిమిషాల్లో స్పర్స్ చేసింది ఐదు పాయింట్లే, హీట్ ఎనిమిది. స్పర్స్ 100-97తో ముందున్నా, తర్వాత స్కోరు 101-100తో హీట్ వైపు తిరిగింది. చివరి క్షణాల్లో జినోబిలి లోపలికి దూసుకెళ్లాడు, బంతి పోయింది. ఫౌల్ విజిల్ రాలేదు. అది ఫౌలేనని నేను ఇప్పటికీ అంటాను. 1.9 సెకన్లుండగా అలెన్ రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. డానీ గ్రీన్ కార్నర్ నుంచి వేసిన ఆఖరి త్రీని బాష్ అడ్డుకున్నాడు. 103-100. లెబ్రాన్‌కు 32 పాయింట్లు, 10 రీబౌండ్లు, 11 అసిస్టులు. ఏడో మ్యాచ్ వరకూ హీట్ వెళ్లారంటే అతని వల్లే, ఆ మాట ఒప్పుకోక తప్పదు.

రెండు రోజుల తర్వాత ఏడో మ్యాచ్‌లో 95-88తో కప్పు మయామీకే వెళ్లింది. మరుసటి ఏడాది అవే జట్లు మళ్లీ ఫైనల్స్‌లో తలపడ్డాయి. ఈసారి స్పర్స్ 4-1తో గెలిచారు. ఐదు మ్యాచ్‌ల్లో కలిపి 70 పాయింట్ల తేడా. ఆ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు 22 ఏళ్ల కవాయ్ లెనర్డ్‌కు దక్కింది. మూడో మ్యాచ్‌లో అతను కొట్టిన 29 పాయింట్లను నేను ఎన్నిసార్లయినా తిరిగి చూస్తాను. 2013 ఆరో మ్యాచ్ రికార్డింగ్ మాత్రం 28.2 సెకన్ల దగ్గరే ఆపేస్తాను.